ఇంజను విప్పిన శనివారం

మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్కసారి చెబుతాను. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

నల్లగండ్లలో మా మేనమామ లింగమూర్తికి షెడ్డు ఉంది. ముప్పై ఏళ్ళుగా అక్కడ ఇంజన్లు విప్పి బిగించడం ఆయన పని. హైటెక్ సిటీలో కార్ల కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మానేసి, మూడేళ్ళ కిందట నేనూ అందులో చేరాను. మేము చేసేవి టర్బో బండ్లు. ఇంజన్లోకి గాలిని గట్టిగా కూరి, కంపెనీ ఇచ్చిన దానికి రెట్టింపు బలం పుట్టిస్తాం. బలం పుట్టించడం పెద్ద విషయం కాదు, ఎవడైనా పుట్టిస్తాడు. ఆ బలంతోనే రోజూ ఆఫీసుకు పోయి రావాలి, మే నెల ఎండలో ఏసీ వేసుకుని బయోడైవర్సిటీ జంక్షన్లో గంట నిలబడాలి, ఏళ్ళ తరబడి చెడిపోకూడదు. అది మా గొప్ప. అది తప్ప మాకింకో గొప్ప లేదు.

అలాంటి మా బండి ఒకటి పదిహేను రోజుల కిందట కోకాపేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద పొగ కక్కి ఆగిపోయింది. దాని యజమాని ఉదయ్ భాస్కర్. కూకట్‌పల్లిలో పెరిగి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద హోదాకెక్కి, ఇప్పుడు తెల్లాపూర్ విల్లాలో ఉంటున్న మనిషి. ఆయన ఆ పొగను వీడియో తీసి, కార్ల పిచ్చి ఉన్న వెయ్యి మంది వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద సాయిచంద్ ఒక మాట తగిలించాడు. ఈ సాయిచంద్ మా మామ దగ్గరే పానా పట్టడం నేర్చుకుని, ఇప్పుడు కొండాపూర్లో అద్దాల షాపు పెట్టుకున్నవాడు. "ఉస్తాద్ చేతులు వణుకుతున్నాయి. ఆ పిల్లకు ల్యాప్‌టాప్ తప్ప ఏమీ రాదు." ఇదీ అతను రాసింది. ఆ పిల్ల, ప్రశాంతి, నేనే. నాకు ఒళ్ళు మండిపోయింది. "శనివారం పొద్దున రండి. అందరి ముందే ఇంజను విప్పుతా. తప్పు మాదని తేలితే షెడ్డుకు తాళం వేస్తా" అని రాసి పారేశాను. మామను అడగలేదు.

శనివారం రానే వచ్చింది. పాతిక ముప్పై మంది వచ్చారు. నేను పానా తీశాను. మామ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "విప్పకు బిడ్డా" అన్నాడు.

అక్కడ ఆగాం కదా. ఇక వినండి.

మామను సామాన్ల బీరువా వెనక్కి తీసుకెళ్ళాను. "ఎందుకు విప్పొద్దు?" అని అడిగాను.

ఆయన నా ముఖం చూడలేదు. "మూడో పిస్టన్ బోల్టులు బిగించిన నాడు నాకు షుగర్ పడిపోయింది. చేతులు ఒక్కతీరుగ వణికినయ్. పానా టక్కుమన్నదా లేదా, యాదికొస్తలేదు."

బోల్టుకు ఎంత బిగువు కావాలో అంత బిగువు పడగానే టక్కుమనే పానా అది. టక్కుమనకపోతే బోల్టు వదులు. వదులు బోల్టుతో అంత బలమున్న ఇంజను నడిస్తే ఏమవుతుందో ఆయనకు చెప్పనక్కర్లేదు.

"పదిహేను రోజుల సంది నిద్ర పడ్తలేదు" అన్నాడు. "మంది ముందట నా చెయ్యే తప్పని తేలితే, ఇగ నేను పానా పట్టను. షెడ్డు పోతే పాయె. చెయ్యి పోతే ఎట్లనే?"

నాకు భయమేసింది, అబద్ధమెందుకు. మామకు ఒక పద్ధతుంది. పానా టక్కుమనగానే బోల్టు మీద నుంచి కింది లోహం దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాడు. బోల్టు కొంచెం కదిలినా గీత విరుగుతుంది.

"గీత గీసినవా?" అన్నాను.

"గీసిన."

"టక్కుమనకుండ నువ్వు గీత గీసినది ఎన్నడన్న ఉందా మామా?"

మామ తన అరచేతులు చూసుకున్నాడు.

"నీ చెయ్యి మీద నీకు లేని నమ్మకం నాకుంది. విప్పుతున్న. ఎవడేమంటడో అననీ" అని ముందుకు వచ్చేశాను.

ఇంజను అప్పటికే బండి నుంచి దించి, స్టాండు మీద తలకిందులుగా పెట్టి ఉంది. అడుగున నూనె ఉండే తొట్టి విప్పాను. ఫోన్లన్నీ లేచాయి. మూడో పిస్టన్ దగ్గర లైటు పెట్టాను. రెండు బోల్టులు, రెండు తెల్ల గీతలు. రెండూ ఎక్కడా విరగకుండా తిన్నగా ఉన్నాయి. ఒక్కొక్క బోల్టూ కొలత పెట్టి చూశాను, సరిగ్గా ఉంది. సాయిచంద్ వంగి గోటితో గీకి మరీ చూశాడు.

"బోల్టు పర్ఫెక్ట్" అన్నాడు చివరికి, ఏదో పారేసుకున్నవాడి ముఖంతో.

మామ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆయన భార్య సత్తెమ్మత్త నీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

ఇంజను తిప్పి పైభాగం ఎత్తాం. మూడో పిస్టన్ అంచు ఒకచోట విరిగి, ఒకచోట కరిగి ఉంది. చూడగానే నాకూ సాయిచంద్‌కూ అర్థమైంది. లోపలికి పోయే గాలి మరీ వేడెక్కితే పెట్రోలు తన సమయానికి ముందే పేలుతుంది. ఆ పేలుళ్ళకు పిస్టన్ ఇలాగే పోతుంది.

సాయిచంద్ ముఖం విచ్చుకుంది. "చూసిన్రా? ఉస్తాద్ తప్పు లేదు. ప్రోగ్రాము తప్పు. అంటే ప్రశాంతి తప్పు. ఇగ తాళం వెయ్యి మరి."

"ఆగు, గంతలనే ఏడికి పోతవ్" అన్నాను.

బండి కంప్యూటర్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, ల్యాప్‌టాప్‌ను గోడ మీది టీవీకి తగిలించాను. నేను రాసి భద్రపరిచిన ఫైలు ఎడమ పక్కన, ఇప్పుడు బండిలో ఉన్నది కుడి పక్కన. అందరికీ అర్థమయ్యేలాగే చెప్పాను. లోపలికి పోయే గాలి అరవై అయిదు డిగ్రీలు దాటితే ఇంజను బలం తనంతట తానే తగ్గించుకోవాలి. అది నేను పెట్టిన హద్దు. బండి మందగిస్తుంది, విసుగు పుడుతుంది, కానీ చావదు. ఎడమ పక్కన అరవై అయిదు ఉంది. కుడి పక్కన తొంభై అయిదు ఉంది.

"గీ తొంభై అయిదు నేను రాయలే. ఎవరు రాసిన్రు?"

ఉదయ్ భాస్కర్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఉదయ్ సార్, మిమ్మల్నే."

ఆయన నెమ్మదిగా నోరు విప్పాడు. "ఏప్రిల్ నుంచి బండి బాగా మందగించిందండి. ముందు మీకే మెసేజ్ పెట్టాను. 'ఎండాకాలం, మామూలే' అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నారు మీరు. నేనేం చెయ్యను చెప్పండి? సాయిచంద్ గారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఒక్క గంటలో పవర్ వచ్చేసింది."

నిజమే. మీసేవ దగ్గర లైన్లో నిలబడి ఆ జవాబు కొట్టాను. బండి తెమ్మనలేదు, ఏం జరుగుతుందో రికార్డు పంపమనలేదు. కానీ ఆ క్షణాన ఒప్పుకునే బుద్ధి నాకెక్కడిది? సాయిచంద్ మీద విరుచుకుపడ్డాను.

"నువ్వు మార్చినవా?"

"అవ్, నేనే మార్చిన. దాంట్ల తప్పేంది?" అతను ఒక్క అంగుళం వెనక్కి తగ్గలేదు. "బండి ఎప్పుడు జూసినా వేడిమీదనే ఉంది. ఎందుకుంది చెప్పు? నువ్వు పెట్టిన ఇంటర్‌కూలర్ దిక్కుమాలినది. గాలి చల్లబడ్తనే లేదు."

టర్బో నుంచి వేడిగా వచ్చే గాలిని చల్లబరిచే జాలీ పెట్టె అది. బంపర్ వెనకాల ఉంటుంది. దాన్ని ఏర్చి కూర్చి పెట్టింది నేను. ప్రోగ్రామును అంటే పడతానేమో గానీ, దాన్ని అంటే పడను.

"బంపర్ విప్పి చూసినవా?"

"విప్పుడెందుకు? ల్యాప్‌టాప్‌ల కనిపిస్తుంది కదా."

"నాకు ల్యాప్‌టాప్ తప్ప ఏం రాదన్నవ్. ఇప్పుడు జూడు" అని బండి దగ్గరకు నడిచాను. పది క్లిప్పులు, నాలుగు స్క్రూలు. బంపర్ నా చేతిలోకి వచ్చింది.

ఇంటర్‌కూలర్ ముఖం నిండా ఎర్ర గుడ్డ అతుక్కుని ఉంది. రెండు జానల వెడల్పు. దుమ్ము పట్టి, బురద పట్టి, గాలి ఒత్తిడికి జాలీలోకి ఇరుక్కుపోయింది. ఒక మూల ఇంకా పసుపు మరకలున్నాయి.

నాకు పట్టరాని ఆనందం వచ్చింది. దాన్ని పీకి ఎత్తి చూపించాను. "దొరికింది! గాలి పోయే దారికి గుడ్డ అడ్డం పెడితే చల్లబడుడు ఎట్లుంటది? ఉదయ్ సార్, బండికి పూజ చేసిన్రు, మంచిదే. గీ గుడ్డ లోపల చెక్కిన మహానుభావులు ఎవరు సార్ మీ ఇంట్ల? పెద్ద పెద్ద చదువులు చదివి గిదేం పని? మా షెడ్డు పేరు బజార్ల పెట్టే ముందు మీ ఇంట్ల అడగాలె కదా!" ఇంకో నాలుగు మాటలు కూడా అన్నాను. అవి ఇక్కడ రాయను.

ఉదయ్ భాస్కర్ ముఖం ఎర్రబడింది. "మా ఆవిడ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందండి, అంతే. ఈ గుడ్డ మాది కాదు. కావాలంటే ఫోన్ చేసి అడగండి."

"మీది కాకుంటే ఎవ్వరిది?"

"నాది."

మామ లేచి నిలబడ్డాడు. చేతిలోని గ్లాసును స్టూలు మీద పెట్టాడు.

"గా గుడ్డ నాది బిడ్డా. బండి షెడ్డు దాటే ముందు, పోచమ్మ కాడ పెట్టి తెచ్చిన గుడ్డ ముందట చెక్కుత. మీ అత్త చింపిస్తది. ముప్పై ఏండ్ల సంది లారీలకు, జీపులకు, అన్నిటికి చేసిన. లారీకి బంపర్ ఇనుముకు కడ్తుంటి, ఏం కాకపోతుండె. గీ కార్లకు బైట కనిపిస్తే ఓనర్లు నామోషీ పడ్తరని లోపలికి చెక్కిన. పైనున్న సందుల పెట్టిన. అది జారి కిందికొస్తదని నాకు తోచలే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నవ్వుతవని."

మూడేళ్ళు ఆయన పక్కనే పని చేశాను. బండి తుది పరీక్ష అయ్యాక నేను చాయ్ తాగడానికి పోయే పది నిమిషాల్లో ఆయన ఈ పని చేసేవాడన్నమాట. ఆయన చెప్తే నవ్వేదాన్నే, అందులో సందేహం లేదు.

సాయిచంద్ ఫోను మామ ముఖం దగ్గర పెట్టాడు. "ఉస్తాద్, జర మల్ల చెప్పు. కెమెరా దిక్కు జూసి చెప్పు." వెనక నుంచి ఎవరో "తాళం ఏదమ్మా?" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మామ తలవంచుకుని, జేబులోని చిన్న పానా తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ పానా చూడగానే నాలో ఏదో తెగింది. నేను పోయి మామకూ ఫోనుకూ మధ్య నిలబడ్డాను.

"ఆయన దిక్కు కాదు. నా దిక్కు పెట్టు కెమెరా. సరిగ్గ పెట్టు, మాట పోవద్దు."

సాయిచంద్ పెట్టాడు.

"తప్పు మాది" అన్నాను. "గుడ్డ పెట్టింది మేము. అది షెడ్డు తప్పు. ఉదయ్ సార్ బండి మందగించిందని చెప్పినా, చూడకుండ జవాబు కొట్టిన. అది నా తప్పు. ఇప్పుడు ఆయనను అనరాని మాటలన్న, గది కూడ నా తప్పే, మాఫీ అడుగుతున్న. సాయిచంద్, నీది కూడ ఉంది. ప్రమాదముందని బండి చెప్తుంటే, ఎందుకో చూడకుండ దాని నోరు మూసినవ్. మనల ఒక్కళ్ళన్నా బంపర్ విప్పి జూస్తే ఇంజను బతుకుతుండె."

మామ చెయ్యి పట్టుకుని పైకెత్తాను. నూనె మరకలతో, వణుకుతూ ఉంది అది.

"కానీ గీ చెయ్యి తప్పన్నరు కదా, గ్రూపుల రాసిన్రు కదా? గీ చెయ్యి బిగించిన ఒక్క బోల్టు వదులు కాలే. పిస్టన్ కరిగినా బోల్టు కదల్లే. గది కూడ వీడియోల ఉండాలె. తాళం వేస్త అన్న, వేస్త. ఉదయ్ సార్ బండి మళ్ళ చేసి, మే ఎండల ఏసీ పెట్టి నడిపి చూపించినంక వేస్త. అంతకు ముందే మూయిస్త అనేటోళ్ళు ముందుకు రాండ్రి, జూస్త."

ఎవరూ రాలేదు. తాళం అడిగినవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఉదయ్ భాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "బండి ఇక్కడే ఉంచుతున్నానండి. నేను ఇంకోచోటికి తీసుకెళ్ళానని మీకు చెప్పి ఉండాల్సింది. అది దాచిపెట్టి వీడియో పెట్టాను. తాళాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆయన్ని కూర్చోమనండి."

నేను బల్ల మీది పానా తీసి మామ జేబులో పెట్టాను. ఆయన దాన్ని మళ్ళీ తీయలేదు. కళ్ళు తుడుచుకుని, "ఒసే, అందరికీ చాయ్ పెట్టు" అని అత్తతో అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సత్తెమ్మత్త చాయ్ పెట్టడానికి కదలలేదు. నేల మీద పడి ఉన్న గుడ్డను చూస్తూ ఉంది. "గిది ఒక్కటే కాదు కదనే" అంది. "పోచమ్మకు పెట్టిన గా చీర మొత్తం చింపిన. అన్ని బండ్లకు పెట్టిండు."

లెక్క నాకు వెంటనే తెలిసింది. మేము చేసిన టర్బో బండ్లు పద్నాలుగు. ఇది ఒకటి పోతే పదమూడు. అన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. అంతలోనే కొంచెం ధైర్యం వచ్చింది. వాటన్నిటిలో నేను పెట్టిన హద్దు ఉంది. మందగిస్తాయి గానీ చావవు.

తలెత్తేసరికి సాయిచంద్ నన్నే చూస్తున్నాడు. అతని ముఖంలో రక్తం లేదు.

"మీరు చేసిన దినేశ్ బండి" అన్నాడు. "మొన్న మంగళారం నా దగ్గరికొచ్చింది. దానికి కూడ తొంభై అయిదు పెట్టిన."

"అయ్యో" అన్నాడు ఉదయ్ భాస్కర్. "దినేశ్ మా పక్క వీధేనండి. పొద్దున్నే కుటుంబంతో అనంతగిరి బయల్దేరాడు."

మామ నిలబడిపోయాడు. "గుట్ట మీద మలుపుల ఇంజను సచ్చిపోతే, రెండు సార్లు తొక్కంగనే బ్రేకు రాయిలెక్క గట్టిపడ్తది, బండి ఆగది బిడ్డా. పిల్లలున్నరు దాంట్ల."

దినేశ్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అదే.

"ఆ మిగతావాళ్ళకు విడివిడిగా చెప్పండి" అన్నాడు ఉదయ్ భాస్కర్ నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి. "గ్రూపులో పెట్టకండి. వీడియోనైతే జనం మరిచిపోతారు. పదమూడు బండ్లూ ఆపండని మీరే రాస్తే, ఇక ఈ షెడ్డుకు ఒక్క బండి కూడా రాదండి."

ఆయన చెప్పింది నా మంచికే. నేను మామ వైపు చూశాను.

"పెట్టు" అన్నాడు మామ.

వెయ్యి మంది ఉన్న ఆ గ్రూపులోనే పెట్టాను. 'లింగమూర్తి షెడ్డులో చేసిన బండి ఎవరి దగ్గరున్నా వెంటనే పక్కకు ఆపండి. బంపర్ వెనక గుడ్డ ఉంది, గాలి ఆగుతుంది, ఇంజను పోతుంది. తప్పు మాది. మేమే వచ్చి తీస్తాం. ప్రశాంతి.' పంపే ముందు చెయ్యి ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు.

జవాబులు రాసాగాయి. ఒకాయన ఆఫీసు పార్కింగులో ఉన్నానన్నాడు. ఒకాయన తిట్టి, తర్వాత ఆపానన్నాడు. నేను పేర్లు కొట్టేస్తూ పోయాను. పన్నెండు పేర్లు అయ్యాయి. దినేశ్ పేరు మిగిలింది. సాయిచంద్ అప్పటికే తన బండి షెడ్డు గుమ్మం దాకా తెచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు. మామ ఎక్కి కూర్చున్నాడు.

నేను కాలు లోపల పెట్టబోతుండగా ఫోను మోగింది. దినేశ్ భార్య జ్యోత్స్న గొంతు మెసేజ్. పావుగంట కిందట మాట్లాడింది, సిగ్నల్ అందక ఇప్పుడొచ్చి చేరింది.

"అక్కా, దినేశ్ ఫోన్ నా దగ్గరుంది, ఆయన నడుపుతుండు. బండి మస్తుందక్కా, ఘాట్ మీద ఏసీ ఫుల్లు పెట్టినా ఉరుకుతుంది. గానీ ఏదో కాలిన వాసనొస్తుందని అత్తమ్మ ఒకటే గోల. నాక్కూడ వస్తుంది. ఆపుమంటే దినేశ్, ముందు బస్సుంది, దాన్ని దాటినంక ఆపుత అంటుండు. జర చెప్పక్కా, ఏం కాదు కదా? దినేశ్, మెల్లగ... దినేశ్..."

మెసేజ్ అక్కడ తెగిపోయింది. ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఈసారి మోగలేదు.